సీ కోడ్‌లో పాస్‌వర్డ్ హ్యాష్, ఫైల్ ఎన్‌క్రిప్షన్: ఫొటోలు, పీడీఎఫ్‌లు సగమే తిరిగొస్తున్నాయి

మాలాక్_మనిషి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. వేరేవాళ్లు రాసిన ఒక సీ ప్రోగ్రాం ఈమధ్య నా చేతికొచ్చింది, ఇక మీదట దాని బాగోగులు నేనే చూసుకోవాలి. పని చిన్నదే. యూజర్ పాస్‌వర్డ్ కొట్టి లాగిన్ అవుతాడు, తన ఫైళ్లు ఇస్తాడు, ప్రోగ్రాం వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి డిస్క్ మీద పెడుతుంది, అడిగినప్పుడు డీక్రిప్ట్ చేసి ఇస్తుంది.

లోపల జరుగుతున్నది ఇదీ: పాస్‌వర్డ్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 (వెనక్కి తిప్పలేని ముద్ర లాంటి హ్యాష్) తీసి, వచ్చిన 32 బైట్లను హెక్స్‌గా మార్చి యూజర్ల టేబుల్‌లో పెడుతున్నారు. ఫైళ్లకి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే క్రిప్టో లైబ్రరీలోని ఈవీపీ ఫంక్షన్లతో ఏఈఎస్-256-సీబీసీ ఎన్‌క్రిప్షన్. కీ కూడా అదే ఎస్‌హెచ్‌ఏ-256 ఇచ్చిన 32 బైట్లే, సైజు సరిగ్గా సరిపోయింది కాబట్టి వాడేసి ఉంటారు. ఐవీ (ప్రతి ఫైల్‌కీ వేరుగా ఉండాల్సిన రాండమ్ బైట్లు) కోసం టైమ్‌తో ఎస్‌రాండ్ పిలిచి, రాండ్‌తో 16 బైట్లు నింపి ఫైల్ మొదట్లో రాస్తున్నారు. ఫైల్ మొత్తం ఒకేసారి మెమరీలోకి చదువుతుంది, అవుట్‌పుట్ బఫర్ కాలాక్‌తో (మెమరీని సున్నాలతో నింపి ఇస్తుంది) తీసుకున్నది.

సమస్య ఏంటంటే, నాలుగు ముక్కల టెక్స్ట్ ఫైళ్లు దాదాపు అన్నీ సరిగ్గానే తిరిగొస్తాయి. ఫొటోలు, పీడీఎఫ్‌లు మాత్రం తెగిపోయి వస్తాయి, ఒక్కోసారి మొదటి కొన్ని వందల బైట్లే ఉంటాయి. ఎర్రర్ ఏమీ రాదు. ఎన్‌క్రిప్ట్ అయ్యాక ఫైల్‌లోకి రాసే ఎఫ్‌రైట్‌కి సైజుగా స్ట్ర్‌లెన్ (స్ట్రింగ్ పొడవు కొలిచే ఫంక్షన్) ఆఫ్ అవుట్ ఇచ్చారు, నా అనుమానం దాని మీదే. కానీ అదే తప్పయితే టెక్స్ట్ ఫైళ్లు ఎందుకు బాగుంటున్నాయి? ఇంకో ప్రశ్న, అసలైనది: ఆ ఒక్క లైన్ సరిచేస్తే చాలా, లేక ఈ డిజైన్ మొత్తం మార్చాలా? యూజర్లు ఇప్పటికే వాడుతున్నారు, వాళ్ల ఫైళ్లు పోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.


బైట్_బాబాయ్:

మీ అనుమానం కరెక్టే, కారణం ఆ స్ట్ర్‌లెనే. ఎన్‌క్రిప్ట్ అయిన డేటా స్ట్రింగ్ కాదు, ఊరికే బైట్లు. అందులో ప్రతి బైట్ సున్నా అయ్యే అవకాశం 256లో ఒకటి. మొదటి సున్నా బైట్ దగ్గరే స్ట్ర్‌లెన్ ఆగిపోతుంది, ఆ తర్వాతదంతా డిస్క్ మీదకే వెళ్లదు.

టెక్స్ట్ ఫైళ్లు బాగుండటానికి కారణం అవి టెక్స్ట్ కావడం కాదు, చిన్నవి కావడం. 30 బైట్ల ఫైల్ ప్యాడింగ్‌తో (16 గుణిజం దాకా నింపే అదనపు బైట్లు) కలిపి 32 బైట్లు అవుతుంది. 32 బైట్లలో ఒక్క సున్నా కూడా రాకపోయే అవకాశం సుమారు 88 శాతం. అదే 4096 బైట్లయితే ఆ అవకాశం కోటిలో ఒకటి లెక్కన ఉంటుంది, అంటే తెగడం ఖాయం. పెద్ద టెక్స్ట్ ఫైల్ ఒకటి పెట్టి చూడండి, అదీ తెగుతుంది. చిన్నవి కూడా కాలాక్ పుణ్యమా అని బతికాయి, సున్నాలు నింపని మాలాక్ అయివుంటే స్ట్ర్‌లెన్ బఫర్ చివర దాటి ఎక్కడిదాకా పోయేదో చెప్పలేం.

సరిచేయడం తేలిక. ఈవీపీ ఎన్‌క్రిప్ట్ అప్‌డేట్ ఒక పొడవు ఇస్తుంది, ఫైనల్ ఇంకో పొడవు ఇస్తుంది, రెండూ కలిపి ఎఫ్‌రైట్‌కి ఇవ్వండి. అవుట్‌పుట్ బఫర్‌కి ఇన్‌పుట్ కంటే 16 బైట్లు ఎక్కువ ఉంచండి. డీక్రిప్ట్ వైపు కూడా ఒకసారి చూడండి. తెగిన ఫైల్‌కి డీక్రిప్ట్ ఫైనల్ దాదాపు ఎప్పుడూ 0 ఇచ్చి ఫెయిల్ అవ్వాలి, మీకు ఎర్రర్ రావట్లేదంటే ఆ రిటర్న్ వాల్యూని ఎవరూ చూడట్లేదని అర్థం.

ఇప్పటికే తెగిన ఫైళ్ల విషయం మాత్రం కష్టమే, రాయని బైట్లు ఎక్కడినుంచీ రావు. ముందు ఏవేవి తెగాయో తేల్చండి. సీబీసీలో ప్యాడింగ్ వల్ల ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ సైజు ఎప్పుడూ 16తో భాగించబడాలి, మీ ఐవీ కూడా 16 బైట్లే కాబట్టి లెక్క మారదు. శేషం వచ్చిందంటే ఆ ఫైల్ తెగినట్టే. శేషం రాకపోయినా డీక్రిప్ట్ ఫైనల్ ఏమంటుందో చూడండి, సరిగ్గా 16 గుణిజం దగ్గర తెగినవి కూడా ఉంటాయి. ఆ జాబితా తీసుకుని, యూజర్ల దగ్గర ఒరిజినల్స్ ఉండగానే మళ్లీ అడిగి పెట్టించుకోండి. ఇది వాయిదా వేయొద్దు.

డిజైన్ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు చెప్తారు.


సాల్ట్_గారు:

డిజైన్ మొత్తం మార్చాలి. స్ట్ర్‌లెన్ బగ్ కళ్లకు కనిపించింది కాబట్టి మీరు పట్టుకున్నారు, దానికంటే పెద్దది ఇంకోటి ఉంది, అది ఎప్పటికీ కనిపించదు.

మీరు రాసింది ఇంకోసారి చదవండి. యూజర్ల టేబుల్‌లో పెట్టింది పాస్‌వర్డ్ ఎస్‌హెచ్‌ఏ-256. ఫైల్ కీ కూడా పాస్‌వర్డ్ ఎస్‌హెచ్‌ఏ-256. అంటే టేబుల్‌లో ఉన్నది హ్యాష్ కాదు, నేరుగా ఫైల్ కీ, హెక్స్‌లో రాసి పెట్టారు. ఆ టేబుల్ ఎవరి కంట పడినా, బ్యాకప్ కాపీ ఒక్కటి బయటికి పోయినా, వాడు పాస్‌వర్డ్ ఊహించాల్సిన పని కూడా లేదు. 64 హెక్స్ అక్షరాలను 32 బైట్లుగా మార్చి ఏఈఎస్‌కి ఇస్తే అందరి ఫైళ్లూ తెరుచుకుంటాయి. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. పాస్‌వర్డ్ ఎంత పొడుగ్గా, ఎంత గట్టిగా పెట్టుకున్న యూజర్‌కైనా ఇక్కడ రక్షణ లేదు.

ఇవి రెండు వేర్వేరు పనులు, మొదట అది మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా వస్తుంది. లాగిన్ కోసం దాచేది ఇతను అతనేనా అని తేల్చడానికి మాత్రమే పనికిరావాలి, దాన్నుంచి ఇంకేదీ రాబట్టే వీలుండకూడదు. ఫైల్ కీ అయితే అసలు ఎక్కడా దాచకూడదు, పాస్‌వర్డ్ వచ్చిన ప్రతిసారీ అప్పటికప్పుడు తయారవ్వాలి. ఒక్క సాల్ట్‌తో (హ్యాష్ తీసేముందు పాస్‌వర్డ్‌కి కలిపే రాండమ్ బైట్లు), ఒక్క ఫంక్షన్‌తో వచ్చిన ఒకే ఫలితాన్ని రెండింటికీ వాడటం ఎప్పటికీ కుదరదు.

ఇక ఎస్‌హెచ్‌ఏ-256 ఎందుకు వద్దో. ఆ ఫంక్షన్‌లో లోపమేమీ లేదు, అది వేగంగా పని చేయడానికే పుట్టింది. ఒక మంచి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) సెకనుకు వందల కోట్ల ఎస్‌హెచ్‌ఏ-256లు తీస్తుంది. సాల్ట్ కూడా లేదు కాబట్టి ఒకే పాస్‌వర్డ్ ఉన్న యూజర్లందరికీ టేబుల్‌లో ఒకే హ్యాష్ కనిపిస్తుంది, ఒక్కసారి ఊహిస్తే అందరూ దొరికిపోతారు. 2012లో లింక్‌డిన్ నుంచి బయటపడిన సుమారు 65 లక్షల హ్యాష్‌లు సాల్ట్ లేని ఎస్‌హెచ్‌ఏ-1వి, వాటిలో చాలాభాగం ఇట్టే విరిగిపోయాయి. 2013లో అడోబీది ఇంకో రకం, అక్కడ పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేయకుండా ట్రిపుల్ డెస్‌తో ఈసీబీ మోడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేశారు, ఒకే పాస్‌వర్డ్‌కి ఒకే ఫలితం రావడంతో పక్కనే ఉన్న హింట్లు చూసి జనం ఊహించేశారు.

పాస్‌వర్డ్‌కి కావాల్సింది నెమ్మదిగా నడిచే, మెమరీ బాగా తినే ఫంక్షన్. 1999లో బీక్రిప్ట్, 2009లో ఎస్‌క్రిప్ట్ వచ్చాయి, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో ఆర్గాన్2 గెలిచింది, 2021లో అదే ఆర్‌ఎఫ్‌సీ 9106 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం అయింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఆర్గాన్2ఐడీ, ఆలోచించాల్సిన పని లేదు. జీపీయూలో వేల కోర్లు ఉండొచ్చు గానీ ఒక్కో ప్రయత్నానికి 64 ఎంబీ మెమరీ కావాలంటే ఆ కోర్లన్నీ ఒకేసారి పనిలోకి దిగలేవు, దాని బలమంతా అక్కడే ఉంది.

సీలో అయితే లిబ్‌సోడియం అనే క్రిప్టో లైబ్రరీ తీసుకోండి. క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్_ఎస్‌టీఆర్ అనే ఫంక్షన్‌కి పాస్‌వర్డ్, దాని పొడవు, ఆప్స్‌లిమిట్ (ఎంత లెక్క చేయాలి), మెమ్‌లిమిట్ (ఎంత మెమరీ వాడాలి) ఇస్తే 128 బైట్ల బఫర్‌లో మామూలు స్ట్రింగ్ ఒకటి పెడుతుంది. సాల్ట్‌ని అదే పుట్టించుకుంటుంది, సాల్ట్‌తో పాటు సెట్టింగులన్నీ ఆ స్ట్రింగ్‌లోనే ఉంటాయి, దాన్ని అలాగే టేబుల్‌లో పెట్టేయొచ్చు. సరిచూడటానికి దాని వెరిఫై ఫంక్షన్ ఉంది. ఒక్కటి జాగ్రత్త, అది సరిపోతే 0 ఇస్తుంది, సరిపోకపోతే -1. సీలో 0 కానిదంతా నిజమే కదా, ఇఫ్‌లో నేరుగా ఆ కాల్ పెట్టేస్తే తప్పు పాస్‌వర్డ్ కొట్టినవాళ్లే లోపలికి వస్తారు. రివ్యూలో మొదట చూడాల్సిన లైన్ అది. ప్రోగ్రాం మొదట్లో సోడియం_ఇనిట్ పిలవడం, అది నెగటివ్ ఇస్తే అక్కడే ఆగిపోవడం మర్చిపోవద్దు.


సాల్ట్_గారు:

పైన ఫైళ్ల గురించి రాయలేదు, ఇక్కడ రాస్తున్నా.

ఫైల్ కీకి అదే ఆర్గాన్2ఐడీ, కానీ ఎస్‌టీఆర్ అని లేని క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్. దీనికి 16 బైట్ల సాల్ట్ మీరే ఇవ్వాలి, రాండమ్‌బైట్స్_బఫ్‌తో పుట్టించండి. లాగిన్ హ్యాష్ సాల్ట్‌తో దీనికి సంబంధం ఉండకూడదు. రాండ్ మాట ఎత్తొద్దు. టైమ్‌తో సీడ్ చేస్తే ఒకే సెకనులో నడిచిన రెండు ఫైళ్లకి ఒకే ఐవీ వస్తుంది, కీ కూడా ఒకటే కావడంతో రెండు ఫైళ్ల మొదలు ఒకటైనంతవరకు ఎన్‌క్రిప్టెడ్ డేటా కూడా అచ్చు ఒకేలా ఉంటుంది. లైబ్రరీ లేకుండా రాయాల్సి వస్తే లినక్స్‌లో గెట్‌రాండమ్ ఉంది, బీఎస్‌డీల్లో ఆర్క్4రాండమ్_బఫ్.

అయితే ఆర్గాన్2 నుంచి వచ్చిన కీతో నేరుగా ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయకండి. యూజర్‌కి ఒక 32 బైట్ల డేటా కీ రాండమ్‌గా పుట్టించండి, ఫైళ్లన్నీ దానితోనే. పాస్‌వర్డ్ నుంచి వచ్చిన కీ పని ఆ డేటా కీని లిబ్‌సోడియంలోని సీక్రెట్‌బాక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి చుట్టి పెట్టడం మాత్రమే. నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన అంకె) 24 బైట్లు, డేటా కీ 32, ట్యాగ్ (మార్పుల్ని పట్టించే ముద్ర) 16, మొత్తం 72 బైట్లు. రేపు యూజర్ పాస్‌వర్డ్ మార్చుకుంటే ఈ 72 బైట్లు తిరగరాస్తే సరిపోతుంది, జీబీల కొద్దీ ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదు.

ఫైళ్లకి లిబ్‌సోడియంలోనే ఉన్న సీక్రెట్‌స్ట్రీమ్ వాడండి, ఎక్స్‌చాచా20-పాలీ1305 అనే ఎన్‌క్రిప్షన్ మీద నడుస్తుంది. సీబీసీకి ఉన్న పెద్ద లోటు, మధ్యలో ఎవరైనా బైట్లు మార్చినా దానికి తెలియదు, చెత్త డీక్రిప్ట్ చేసి చేతిలో పెడుతుంది. సీక్రెట్‌స్ట్రీమ్ ఫైల్‌ని ముక్కలుగా తీసుకుంటుంది, ప్రతి ముక్కకీ 17 బైట్లు కలుపుతుంది, ఒక్క బిట్ మారినా ముక్కల వరుస మారినా డీక్రిప్ట్ చేసే పుల్ ఫంక్షన్ -1 ఇస్తుంది. ఫైల్ మొదట్లో 24 బైట్ల హెడర్ ఉంటుంది, నాన్స్ లెక్కలు మీరు చూసుకోనక్కర్లేదు. చివరి ముక్కకి ఫైనల్ ట్యాగ్ వేయాలి, డీక్రిప్ట్ చేసేటప్పుడు ఆ ట్యాగ్ కనపడకుండానే ఫైల్ అయిపోతే ఎర్రర్ ఇచ్చి ఆగాలి. మీ ఫొటోలు తెగిన సంగతి మొదటి రోజే బయటపడేది ఇది ఉండివుంటే. చదివేటప్పుడు ముక్క సైజుకి 17 కలిపి చదవాలి, చాలామంది ఇక్కడే గంటలకొద్దీ ఇరుక్కుంటారు.


పాతకాపు:

పై సలహా బాగుంది గానీ ఒక మాట. ప్రతిచోటా లిబ్‌సోడియం పెట్టుకోనివ్వరు, కొన్నిచోట్ల సిస్టంలో ఉన్నవే వాడాలి. అలాంటప్పుడు లాగిన్ వరకు సిస్టం క్రిప్ట్ ఫంక్షన్ తీసిపారేయాల్సినదేం కాదు. పాత డెస్ రకం మాత్రం వద్దు, అది మొదటి 8 అక్షరాలే చూస్తుంది. ఇప్పటి లినక్స్ డిస్ట్రోలు చాలావాటిలో లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ ఉంటుంది, అందులో యెస్‌క్రిప్ట్, బీక్రిప్ట్ రెండూ ఉన్నాయి, క్రిప్ట్_జెన్‌సాల్ట్ అడిగితే సెట్టింగ్ స్ట్రింగ్ అదే ఇస్తుంది. బీక్రిప్ట్ వాడితే 72 బైట్ల తర్వాతది అది చూడదని గుర్తుంచుకోండి. తెలుగులో పాస్‌ఫ్రేజ్ పెట్టుకునే వాళ్లకి ఒక్కో అక్షరానికి యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఒత్తులూ గుణింతాలూ వేరే, 24 కోడ్‌పాయింట్లకే హద్దు వచ్చేస్తుంది.

క్రిప్ట్ తిరిగిచ్చేది స్టాటిక్ బఫర్ పాయింటర్, థ్రెడ్లు ఉంటే క్రిప్ట్_ఆర్ వాడాలి. ఫెయిల్ అయితే కొన్నిచోట్ల నల్ వస్తుంది, కొన్నిచోట్ల నక్షత్రం గుర్తుతో మొదలయ్యే చిన్న స్ట్రింగ్ వస్తుంది, రెండూ చెక్ చేయండి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తోనే ఉండిపోతే సీబీసీ బదులు మార్పుల్ని కూడా పట్టుకునే ఏఈఎస్-256-జీసీఎం. కీ కోసం పీబీకేడీఎఫ్2 (పాస్‌వర్డ్ నుంచి కీ తీసే పాత పద్ధతి) అయితే ఎస్‌హెచ్‌ఏ-256తో కనీసం 6 లక్షల రౌండ్లు, వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ చెప్పే సంఖ్య అదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.2 వెర్షన్ నుంచి ఆర్గాన్2 కూడా ఉంది. జీసీఎంలో 12 బైట్ల నాన్స్ ఒకే కీతో రెండుసార్లు వాడితే కొంప మునుగుతుంది, డేటా బయటపడటమే కాదు, ట్యాగ్‌లను నకిలీ చేయడానికి కూడా దారి దొరుకుతుంది. ఇంకోటి, డీక్రిప్ట్ అప్‌డేట్ డేటాని ముందే చేతికిచ్చేస్తుంది, అది నిజమైనదో కాదో తేలేది చివర్లో ఫైనల్ దగ్గర. కాబట్టి టెంపరరీ ఫైల్‌లోకి రాయండి, ఫైనల్ 1 ఇచ్చాకే రీనేమ్ చేయండి. ఎన్‌క్రిప్ట్ వైపు కూడా అంతే, కొత్త ఫైల్ పూర్తిగా రాసి, అది నిజంగా డిస్క్‌కి చేరేలా ఎఫ్‌సింక్ చేసి, తర్వాత పాతదాని మీదకి రీనేమ్. మధ్యలో కరెంటు పోతే పాతదో కొత్తదో ఏదో ఒకటి మొత్తంగా మిగలాలి.


మాలాక్_మనిషి:

సాల్ట్ గారూ, బైట్ బాబాయ్, పాతకాపు గారూ, చాలా థ్యాంక్స్. 16తో భాగించే పరీక్ష నడిపాను, తెగినవాటి జాబితా వచ్చేసింది, యూజర్లకి మెయిల్స్ వెళ్తున్నాయి. లిబ్‌సోడియం పెట్టుకోవచ్చు, అడ్డు లేదు.

ఇప్పుడు నా చిక్కు పాత డేటాతో. పాస్‌వర్డ్‌లు నా దగ్గర లేవు, హ్యాష్‌లే ఉన్నాయి. యూజర్ లాగిన్ అయినప్పుడల్లా ఒక్కొక్కరినీ కొత్త పద్ధతికి మార్చొచ్చు, కానీ కొంతమంది నెలల తరబడి రారు, అప్పటిదాకా వాళ్ల కీలు టేబుల్‌లో అలా బట్టబయలుగా ఉండాల్సిందేనా?


సాల్ట్_గారు:

అక్కర్లేదు, ఎవరూ లాగిన్ కాకుండానే ఒక్క రాత్రిలో అందరినీ మార్చొచ్చు. పాత హ్యాష్‌నే పాస్‌వర్డ్ అనుకోండి.

ఒక యూజర్‌ని తీసుకోండి. అతని పాత హ్యాష్ 32 బైట్లు, దాన్ని హెచ్ అందాం. హెచ్‌ని క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్_ఎస్‌టీఆర్‌కి ఇస్తే కొత్త లాగిన్ స్ట్రింగ్ వస్తుంది. అదే హెచ్‌ని కొత్త రాండమ్ సాల్ట్‌తో క్రిప్టో_పీడబ్ల్యూహ్యాష్‌కి ఇస్తే చుట్టే కీ వస్తుంది. డేటా కీ రాండమ్‌గా పుట్టించి, దాన్ని ఈ కీతో చుట్టి పెట్టండి. హెచ్‌తో పాత ఫైళ్లు డీక్రిప్ట్ చేసి, డేటా కీతో సీక్రెట్‌స్ట్రీమ్‌లో మళ్లీ రాయండి. చివరికి టేబుల్‌లోంచి హెచ్‌ని తీసేయండి. మర్నాడు యూజర్ వచ్చి పాస్‌వర్డ్ కొడితే ముందు ఎస్‌హెచ్‌ఏ-256 తీసి, దాన్ని ఆర్గాన్2కి ఇస్తారు, అంతా సరిపోతుంది. హెచ్‌ని 32 ముడి బైట్లుగా ఇస్తారో 64 హెక్స్ అక్షరాలుగా ఇస్తారో ముందే తేల్చుకుని రెండు చోట్లా అదే పాటించండి, లేకపోతే ఒక్కరూ లాగిన్ కాలేరు.

ఇది తాత్కాలికమే. యూజర్ లాగిన్ అయిన మొదటిసారి పాస్‌వర్డ్ చేతిలో ఉంటుంది కదా, అప్పుడు ఎస్‌హెచ్‌ఏ మెట్టు తీసేసి నేరుగా పాస్‌వర్డ్ నుంచే లాగిన్ స్ట్రింగ్, చుట్టే కీ రెండూ కొత్తగా తయారు చేసి, పాతవి చెరిపేయండి. ఎందుకంటే పాత బ్యాకప్‌లలో హెచ్ ఇంకా ఉంటుంది, అది దొరికినవాడు కొత్త టేబుల్ కూడా సంపాదిస్తే డేటా కీ దాకా వచ్చేస్తాడు. కాబట్టి పాత బ్యాకప్‌లను వెతికి మరీ చెరపాలి, పాత సీబీసీ ఫైళ్ల కాపీలతో సహా. ఇది కోడ్ పని కాదని వదిలేస్తే చేసిన కష్టమంతా వృథా.

అన్నట్టు హెచ్, పాస్‌వర్డ్, కీలు ఉన్న బఫర్లను పని అయ్యాక సోడియం_మెమ్‌జీరోతో తుడవండి. మామూలు మెమ్‌సెట్‌తో తుడిస్తే, ఆ బఫర్‌ని తర్వాత ఎవరూ చదవట్లేదని కంపైలర్ ఆ లైన్‌నే తీసేయగలదు, ఆప్టిమైజేషన్ ఆన్ చేసిన బిల్డ్‌లో అసెంబ్లీ చూస్తే కాల్ మాయమై కనిపిస్తుంది. లిబ్‌సీలో ఎక్స్‌ప్లిసిట్_బీజీరో ఉన్నది కూడా ఇందుకే, సీ23లో మెమ్‌సెట్_ఎక్స్‌ప్లిసిట్ అని స్టాండర్డ్‌లోకే తెచ్చారు.


మాలాక్_మనిషి:

అర్థమైంది, టెస్ట్ కాపీ మీద మొదలుపెట్టాను. చివరిగా ఒక్కటి: ఆప్స్‌లిమిట్, మెమ్‌లిమిట్ ఎంత పెట్టాలి? మా సర్వర్ మెమరీ 2 జీబీయే, పొద్దున్నే చాలామంది ఒకేసారి లాగిన్ అవుతారు.


సాల్ట్_గారు:

ఇంటరాక్టివ్ సెట్టింగ్ అంటే ఆప్స్ 2, మెమరీ 64 ఎంబీ. మీ పద్ధతిలో ఒక్కో లాగిన్‌కి రెండుసార్లు ఆర్గాన్2 నడుస్తుంది గానీ ఒకదాని తర్వాత ఒకటి కాబట్టి ఆ క్షణానికి 64 ఎంబీయే. ఇరవై మంది ఒకేసారి వస్తే 1280 ఎంబీ, మీ 2 జీబీలో ఇంకేం మిగలదు. అందుకని ముందు ఒక సెమాఫోర్ పెట్టి ఒకేసారి ఎనిమిది హ్యాష్‌లకి మించి నడవకుండా చూడండి, మిగతావాళ్లు కాస్త ఆగుతారు, అప్పుడు 512 ఎంబీతో గట్టెక్కుతారు. అదీ ఎక్కువనిపిస్తే లాగిన్ హ్యాష్ ఒక్కదాన్ని ఓవాస్ప్ చెప్పే 19 ఎంబీ, ఆప్స్ 2కి తగ్గించుకోవచ్చు, అంతకంటే కిందికి దిగొద్దు. ఫైల్ కీ వైపు మాత్రం 64 దగ్గరే ఉంచండి.

మెమరీ దొరక్కపోతే ఈ ఫంక్షన్లు -1 ఇస్తాయి, లాగిన్ వైపు దాన్ని తప్పు పాస్‌వర్డ్ కింద జమకట్టి యూజర్ అకౌంట్ లాక్ చేయకండి. ఫైల్ కీకి వాడిన ఆప్స్, మెమరీ అంకెలను సాల్ట్‌తో పాటు ఆ యూజర్ రికార్డులో రాసిపెట్టండి, లైబ్రరీ మాక్రోల మీద ఆధారపడొద్దు, వెర్షన్ మారితే అవి మారొచ్చు, అప్పుడు పాత కీలు తయారుకావు. తిరిగి చదివేటప్పుడు ఆ అంకెలకి ఒక గరిష్ఠ హద్దు పెట్టండి, ఎవరైనా ఆ రికార్డులో మెమరీ 4 జీబీ అని మార్చిపెడితే మీ సర్వర్ పడిపోకూడదు. లాగిన్ స్ట్రింగ్‌కి ఆ బాధ లేదు, నీడ్స్_రీహ్యాష్ అనే ఫంక్షన్ పాత సెట్టింగ్‌తో ఉన్నవాటిని అదే చెప్తుంది, లాగిన్ సక్సెస్ అయిన వెంటనే అడిగి చూడండి.